మూడో అంతస్తులో మాయమైన డాన్ ఓవీదియో

"నీబియా, రాసిపెట్టుకో. ఈ మోంటెవిడియో నగరంలో నేరం చేసి నా కళ్ళు గప్పినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. ఉంటే నాకు కనపడేవాడు కదా!"

ఈ ప్రకటన వెలువడింది డిసెంబరు నెల ఆఖరి పనిదినం, పొద్దున్న తొమ్మిదింటికి. చేసినవాడు వాషింగ్టన్ బిదెగాయిన్. విన్నది నీబియా ఒక్కతే, అదీ ఒక చెవితో. రెండో చెవికి టెలిఫోను ఆనించి ఉంది.

వాషింగ్టన్‌ని పాత ఫైళ్ళ గుమాస్తా అని కంపెనీ అనుకుంటుంది. అతను మాత్రం తనను అపరాధ పరిశోధకుడనుకుంటాడు. పోస్టులో పాఠాలు పంపే డిటెక్టివ్ కోర్సులో చేరి తొమ్మిది పాఠాలు పూర్తిచేశాడు. ‘పోయిన వస్తువులను కనిపెట్టుట ఎలా’ అనే పదో పాఠం పోస్టులో పోయింది. నాలుగేళ్ళుగా దానికోసం వెతుకుతూనే ఉన్నాడు. ఆ దేశంలో డిసెంబరంటే నడివేసవి. అంత ఎండలో కూడా బూడిదరంగు కోటు విప్పడు. ఎడమ చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, ఎడమచేతిలో అక్కడివాళ్ళు టీలా తాగే మాతే ఆకు నింపిన కాయబుర్ర, అందులో పీల్చుకునే గొట్టం ఎప్పుడూ ఉంటాయి. ఊళ్ళో సగంమంది అలాగే తిరుగుతారు కనుక దానికి ఎవరూ ఏమీ అనరు. కానీ మిగిలిన ఒక్క చేత్తోనే అతను భూతద్దం పట్టుకోవాలి, నోటుపుస్తకం తియ్యాలి, అందులో రాయాలి, అనుమానితుణ్ణి ఒడిసిపట్టాలి. అంచేత అనుమానితులు సాధారణంగా నడుచుకుంటూనే వెళ్ళిపోతుంటారు.

వీళ్ళిద్దరూ పనిచేసేది ‘లా పసియెన్సియా’ బీమా కంపెనీలో. ఆ పేరుకి ఓర్పు అని అర్థం. క్లెయిము పెట్టుకున్న ప్రతివాడికీ ఆ అర్థం బాగా తెలుసు.

నీబియా మూడో అంతస్తు టెలిఫోన్ ఆపరేటరు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు పలికిన మాట ఒకటే: "సార్ ఇప్పుడే బయటికెళ్ళారండీ. వచ్చేస్తారు." ఆ సార్లు ఎక్కడికెళ్ళేవాళ్ళో ఆమెకి తెలుసు. ఒకాయన గుర్రప్పందేలకి, ఒకాయన సముద్రం ఒడ్డుకి, ఇంకొకాయన ఏకంగా వేరే ఆఫీసులో రెండో ఉద్యోగానికి. వెళ్ళేముందు అందరూ కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించి మరీ వెళ్తారు. కుర్చీకి కోటుంటే మనిషి ఆఫీసులో ఉన్నట్టే. సిబ్బంది విభాగం వాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూసి, కోట్లు లెక్కపెట్టుకుని, హాజరు వేసుకుని పోతారు. ఈ పద్ధతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. అయినా రూల్సు పుస్తకంలో ఉన్నవాటికంటే దీన్నే అందరూ శ్రద్ధగా పాటిస్తారు.

పాటించనిది వాషింగ్టన్ ఒక్కడే. అతను ఎక్కడికెళ్తే అతని కోటూ అక్కడికే వెళ్తుంది. కాబట్టి పద్నాలుగేళ్ళుగా కంపెనీ దృష్టిలో అతను ఎప్పుడూ సీట్లో ఉండని మనిషి. ప్రమోషన్ల జాబితా వచ్చిన ప్రతిసారీ అందులో అతని పేరుండదు.

"ఆ కోటొకటి కుర్చీకి తగిలించి, నీ ఇష్టమొచ్చిన చోటికి పోవయ్యా మహానుభావా," అని నీబియా ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"కోటు లేని డిటెక్టివ్‌ని దొంగలు గౌరవించరు నీబియా. రెండో పాఠం," అనేవాడు.

సరే, అసలు సంగతికి వద్దాం. ఆ డిసెంబరు నెలంతా కంపెనీ మూడో అంతస్తులో సగం ఒక సినిమా వాళ్ళకి ఇచ్చింది. డైరెక్టరు ఫియొరెల్లా అనే పాతికేళ్ళ పిల్ల. ఇది ఆమె మొదటి సినిమా. కథ వింటే ఎవరికైనా తల తిరుగుతుంది: ఒక ఉద్యోగి కోటు కుర్చీకి తగిలించి బయటికెళ్ళి, మళ్ళీ రాడు. ఎవరూ గమనించరు. కోటు మాత్రం రోజూ డ్యూటీలో ఉంటుంది. దానికి ప్రమోషన్ మీద ప్రమోషన్ వస్తుంది. చివరికి కంపెనీ ప్రెసిడెంటవుతుంది. ఆ కోటు పేరే డాన్ ఓవీదియో, అంటే ఓవీదియోగారు.

సినిమా ఆఫీసు వేసిన తీరు ఎంత సహజంగా ఉందంటే, క్లెయిముల విభాగం గుమాస్తాలిద్దరు తెలియక మూడు రోజులు అక్కడే కూర్చుని పనిచేశారు. ఎనిమిదేళ్ళుగా తన క్లెయిము కోసం తిరుగుతున్న ఒక పెద్దాయన పొరపాటున సినిమా కౌంటరు ముందు నిలబడితే, గుమాస్తా వేషం వేసినవాడు కుర్చీ వేసి, కూర్చోబెట్టి, ఆయన చెప్పిందంతా విన్నాడు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. అప్పట్నుంచీ ఆయన రోజూ సినిమా కౌంటరుకే వస్తున్నాడు.

ఆ సినిమాలో నీబియాకి ఒక్క డైలాగుంది. ఆఖరి సీను. ఆ ఆఫీసున్న పాతబస్తీలో ఏటా సంవత్సరం చివరి పనిదినాన, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి, ఆఫీసుల కిటికీలన్నీ తెరుచుకుంటాయి. ఆ ఏడాది క్యాలెండర్లూ, పాత కాగితాలూ చించి అందరూ వీధిలోకి విసిరేస్తారు. ఉత్సాహం ఆగనివాళ్ళు బకెట్లతో నీళ్ళు కూడా కుమ్మరిస్తారు. ఆ కాగితాల వాన బయట కురుస్తుంటే లోపల ఫోను మోగాలి. కుర్చీలో ప్రెసిడెంటు కోటు ఉండగానే, దాని ఎదుటే నీబియా ఫోనెత్తి, "సార్ ఇప్పుడే బయటికెళ్ళారండీ. వచ్చేస్తారు," అనాలి. అక్కడితో సినిమా అయిపోతుంది.

"ఇరవయ్యారేళ్ళుగా చెప్తున్న మాటే కదమ్మాయ్, దీనికి నేనెందుకు? నటినెవరినైనా పెట్టుకో," అంది నీబియా మొదట్లో.

"ఇద్దరు నటుల చేత చెప్పించి చూశాను నీబియాగారూ. వాళ్ళు చెప్తే అబద్ధంలా ఉంది. మీరు చెప్తే, నిజంగానే వచ్చేస్తాడేమో, ఓ పది నిమిషాలు కూర్చుందాం అనిపిస్తుంది. ‘వచ్చేస్తారు’ అనే ముందు ఓ అర సెకను ఆగండి, చాలు."

ఇన్నేళ్ళలో ఆ మాట బాగా చెప్పావని నీబియాతో అన్నవాళ్ళు లేరు. ఆవిడ మూడు వారాలు అద్దం ముందు ఆ అర సెకను సాధన చేసింది. సాల్టో అనే ఊళ్ళో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. చెల్లెలు వీధి వీధంతా చెప్పింది. ఆ వేళ పొద్దున్నే వెళ్ళి జుట్టు సెట్ చేయించుకుని, ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని వచ్చింది.

వచ్చేసరికి డాన్ ఓవీదియో లేడు. నిన్న సాయంత్రం ఆరింటికి సినిమా ఆఫీసు నాలుగో బల్ల దగ్గర ఉన్న కోటు, దాన్ని తగిలించిన చక్రాల ఆఫీసు కుర్చీ, రెండూ మాయం.

"డాన్ ఓవీదియో కనపడట్లేదు! ఆయన లేకపోతే నా పని అయిపోయినట్టే!" అని ఫియొరెల్లా నెత్తిమీద చేతులు పెట్టుకుని అరిచింది. ఆ అరుపు పాత ఫైళ్ళ గది గుమ్మం దగ్గర కూర్చున్న వాషింగ్టన్ చెవిన పడింది. అపరాధ పరిశోధన చరిత్రలో అది రక్తం గడ్డకట్టించే క్షణమని అతను తర్వాత రాసుకున్నాడు.

"కిడ్నాప్!" అన్నాడు నీబియా బల్ల దగ్గరికి వచ్చి.

"వాషింగ్టన్, ముందు నా మాట విను. డాన్ ఓవీదియో అంటే నువ్వనుకుంటున్నట్టు..."

"ఆగు! వివరాలు చెప్పకు. మూడో పాఠం. వివరాలు ఊహాశక్తికి శత్రువులు."

"అది కాదయ్యా, ఆయన అసలు..."

"చెప్పొద్దన్నానా!" అని అతను సరాసరి ఫియొరెల్లా దగ్గరికి పోయాడు. నీబియా ఫోను పెట్టేసి వెనకాల పరిగెత్తింది.

"చివరిసారి ఎప్పుడు చూశారు?" అని మొదలెట్టాడు వాషింగ్టన్.

"నిన్న సాయంత్రం ఆరింటికి. కుర్చీలోనే ఉన్నాడు," అంది ఫియొరెల్లా. నెలరోజులుగా ఆ పిల్ల కోటు గురించి మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడుతోంది.

"మనిషి ఎలా ఉన్నాడు?"

"ఎప్పటిలాగే. కొంచెం నలిగిపోయి ఉన్నాడు."

"పని ఒత్తిడి. ఎలా ఉంటాడో గుర్తులు చెప్పండి."

"గోధుమరంగు. ఒళ్ళంతా గళ్ళు."

వాషింగ్టన్ నోటుపుస్తకంలో ‘చర్మవ్యాధి’ అని రాసుకున్నాడు. "ఇంకా?"

"ఎడమ మోచేతి దగ్గర కుట్లున్నాయి. నేనే వేశాను."

"మీరు డాక్టరా?"

"కాదు."

‘దొంగ వైద్యం, తర్వాత చూడాలి’ అని ఇంకో ముక్క రాసుకున్నాడు. "ఆయనకి శత్రువులెవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారండీ! పురుగులు తప్ప."

"పురుగులు," అన్నాడు వాషింగ్టన్ గొంతు తగ్గించి. "ఈ ముఠా పేరు ఎప్పుడూ వినలేదు. కొత్తగా దిగినట్టున్నారు."

నీబియా నుదురు కొట్టుకుంది. "అమ్మాయ్, ఇంకో కోటేదైనా పెట్టి కానిచ్చెయ్యకూడదా?" అని ఫియొరెల్లాని పక్కకి తీసుకెళ్ళి అడిగింది.

"సినిమా అంతా అదే కోటుంది కదండీ, వేరేది పెడితే చూసేవాళ్ళు పట్టేస్తారు. పైగా..." ఫియొరెల్లా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అది మా నాన్నది. ముప్ఫై ఏళ్ళు ఓ ఆఫీసులో ఆ కోటే పనిచేసింది. మా నాన్న మాత్రం రోజూ మధ్యాహ్నం నాతో పార్కులో ఉండేవాడు. ఉయ్యాల ఊపేవాడు. ఆ కోటు అక్కడ కూర్చోబట్టే నాకు నాన్న దొరికాడు నీబియాగారూ."

నీబియా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. తను ఇన్నేళ్ళూ చెప్పిన అబద్ధాల్లో కొన్ని ఇలాంటి ఉయ్యాలల దగ్గరికి చేరి ఉంటాయని మొదటిసారి అనిపించి, మనసు తేలికైంది.

"పన్నెండు లోపల దొరక్కపోతే?" అంది.

"మళ్ళీ కాగితాల వాన కురిసేది వచ్చే ఏడే. అందాకా నేను ఆగలేను. దీనికి ముందున్న సీనుతోనే సినిమా ముగించేస్తాను. మీ డైలాగు..." అని ఆగిపోయింది ఫియొరెల్లా.

ఈలోపు వాషింగ్టన్ నేలమీద మోకాళ్ళేసి, చంకలో ఫ్లాస్కుతోనే, భూతద్దంలోంచి చూస్తూ పాకుతున్నాడు. నాలుగో బల్ల దగ్గర్నుంచి రెండు నల్లటి చారలు నడవా వెంబడి సాగి, నేరుగా లిఫ్టు తలుపు దగ్గర ఆగాయి.

"కుర్చీ చక్రాల గుర్తులు! లిఫ్టులో తీసుకెళ్ళారయ్యా," అంది నీబియా.

వాషింగ్టన్ జాలిగా నవ్వి లిఫ్టు మీద వేలాడుతున్న బోర్డు చూపించాడు. ‘పనిచేయదు’ అని ఉంది.

"ఆ లిఫ్టు బాగయ్యి మూడేళ్ళయింది. బోర్డు తియ్యడానికి ఫారం ఇంకా రాలేదు. రోజూ అందులోనే కదా వస్తున్నావు నువ్వు!"

"నేరస్థుడికి ఆ సంగతి తెలియదు కదా! బోర్డు చూసి వెనక్కి వెళ్ళిపోయి ఉంటాడు. కుర్చీ సంగతి వదిలెయ్, కుర్చీ ముఖ్యం కాదు," అని వాషింగ్టన్ ఆ చారల్ని కాలితో చెరిపేశాడు.

తర్వాత రెండు గంటలకి పైగా అనుమానితుల విచారణ సాగింది. అనుమానితులందరికీ తన కాయబుర్రలోనే మాతే పోసిచ్చాడు. సౌండ్ రికార్డిస్టు ఒక్క గుక్క పీల్చి, "థాంక్స్," అని తిరిగిచ్చేశాడు. మాతే తాగేటప్పుడు థాంక్స్ అంటే ఇక చాలని అర్థం. ఒక్క గుక్కకే చాలన్నవాడు మనసులో ఏదో దాచుకున్నాడని వాషింగ్టన్ అతన్ని స్టోరు గదిలో పెట్టి తాళం వేశాడు. కడుపులో మంటగా ఉందని ఆ కుర్రాడు లోపల్నుంచి చెప్పుకుంటూనే ఉన్నాడు. నీబియా వెళ్ళి తాళం తీసింది.

అప్పటికి పన్నెండు కావొస్తోంది. నడవాలో నోటీసు బోర్డు చుట్టూ జనం మూగారు. ఐదో అంతస్తులో ఉండే సిబ్బంది అధికారి బర్రాందెగీగారి సంతకంతో ప్రమోషన్ సర్క్యులర్ అంటించారు. నీబియా ముందు ఒక్కటే చూసింది. వాషింగ్టన్ పేరు లేదు.

"నీకు మళ్ళీ రాలేదు నాయనా," అంది మెల్లిగా.

"ఇంత పెద్ద కేసు చేతిలో ఉంటే ప్రమోషన్ ఎవడిక్కావాలి!" అన్నాడతను. కానీ మొహం చిన్నబోయింది. "ఎవరికొచ్చింది?" అని అడిగాడు.

నీబియా చదివింది. "‘మూడో అంతస్తు నాలుగో బల్ల ఉద్యోగిని డిప్యూటీ మేనేజర్‌గా నియమించి, ఐదో అంతస్తు 507వ గదికి మార్చడమైనది. ఈ నెలంతా ఆయన అందరికంటే ముందు హాజరై, అందరూ వెళ్ళాక కూడా సీటు విడువలేదు. ఎవరితోనూ వాదించలేదు. ఏ సౌకర్యమూ కోరలేదు. మాతే తాగడానికి ఒక్కసారి కూడా లేవలేదు...’" ఇంతలో ఆమె బల్లమీద ఫోను మోగింది. ‘నాలుగో బల్ల’ అన్న మాట చెవిలో గింగురుమంటుండగానే ఆమె అటు పరిగెత్తింది.

వాషింగ్టన్ మాత్రం బోర్డు ముందు కొయ్యబారిపోయాడు. అతని కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఫ్లాస్కు కొద్దిగా జారింది.

"నీబియా! నెలరోజులపాటు మాతే తాగకుండా కూర్చునేవాడు ఈ దేశంలో ఉన్నాడా? మా నాయనమ్మ ఆపరేషన్ బల్లమీద కూడా తాగింది! మాతే తాగనివాడు మనిషే కాదు. వీడే! పురుగుల ముఠా నాయకుడు!"

"ఆగు వాషింగ్టన్, నాలుగో బల్లంటే మన..." అంది నీబియా ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి.

"వివరాలొద్దు!" అంటూనే అతను జీవితంలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. కోటు విప్పి తన కుర్చీ వీపుకి తగిలించాడు. "పెనుగులాట తప్పదు. చేతులు ఆడాలి," అని, ఫ్లాస్కు మాత్రం చంకలోనే ఉంచుకుని మెట్లవైపు దూకాడు.

నీబియా అతని వెనకాలే లేవబోయింది. భుజం మీద ఫియొరెల్లా చెయ్యి పడింది.

"పన్నెండవుతోంది నీబియాగారూ. కాగితాల వానొక్కటైనా తీసుకుంటాను. మీరు అలాగే కూర్చోండి, వెనకాల కనపడతారు. డైలాగు ఉండదు. క్షమించండి."

"డాన్ ఓవీదియో ఐదో అంతస్తులో ఉన్నాడేమోనమ్మాయ్!"

"ఇప్పుడు వెళ్ళి తెచ్చే టైము లేదండీ. రెండు నిమిషాలే ఉంది."

"పర్లేదులే," అంది నీబియా. అది అబద్ధం. సాల్టోలో చెల్లెలికి ఏం చెప్పాలి? వీధి వీధంతా ఏమనుకుంటుంది? వాటికంటే ఆ అర సెకను. మూడు వారాలు కష్టపడి నేర్చుకున్న ఆ అర సెకను ఇక ఎవరికీ అక్కర్లేదు. ఆకుపచ్చ జాకెట్టు సరిచేసుకుని, మొహం కనపడకుండా స్విచ్‌బోర్డు వైపు తల వంచుకుంది.

పన్నెండు కొట్టింది. వీధిలో కిటికీలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. కేకలు, ఈలలు. తెల్లటి కాగితాలు వేలకొద్దీ గాల్లో తిరుగుతూ దిగుతున్నాయి. ఎవరో బకెట్టెడు నీళ్ళు కుమ్మరిస్తే కింద ఎవరో ఆనందంగా తిట్టారు. కెమెరా తిరుగుతోంది.

అప్పుడు నీబియా ముందున్న ఫోను మోగింది. కథలోని ఫోను కాదు, నిజమైన ఫోను. ఆవిడ అలవాటుగా ఎత్తింది.

"నీబియా! గట్టిగా మాట్లాడకు," అని వాషింగ్టన్ గొంతు గుసగుసలాడింది. "507లోంచి మాట్లాడుతున్నాను. వాడు నా ఎదురుగానే ఉన్నాడు. వీపు ఇటు, మొహం కిటికీ వైపు. చేతులెత్తమన్నాను, ఎత్తలేదు. పేరడిగాను, చెప్పలేదు. మాతే ఇచ్చాను, చూడను కూడా చూడలేదు! తొమ్మిది పాఠాల్లో ఎక్కడా ఇంత గుండెధైర్యమున్న దుర్మార్గుడు లేడు."

కెమెరా తనవైపే ఉంది కనుక నీబియా నోరు మెదపకుండా ‘ఊఁ’ అంది.

"ఇక లాభం లేదు. దూకుతున్నాను. నాకేదైనా అయితే పదో పాఠం వెతకడం నువ్వు కొనసాగించు."

ఫోనులో ధబ్బుమన్న చప్పుడు. ఫ్లాస్కు దొర్లిన మోత. కుర్చీ చక్రాలు గరగరమంటూ దూరంగా పోయి దేన్నో కొట్టుకున్న శబ్దం. ఆపైన ఓ పొలికేక.

నీబియా తలెత్తి కిటికీలోంచి చూసింది. తెల్లటి కాగితాల మధ్య, గోధుమరంగు గళ్ళతో, రెండు చేతులూ బార్లా చాపి, డాన్ ఓవీదియో తాపీగా పైనుంచి దిగుతున్నాడు. మూడో అంతస్తు కిటికీ ముందుకి వచ్చినప్పుడు గాలికి ఓసారి నిండుగా ఉబ్బి, కుడిచేయి ఊపినట్టు ఊగి, కిందికి వెళ్ళిపోయాడు.

"నీబియా! నీబియా! వాడు నా ముందే కూర్చున్నాడు, ఇప్పుడు లేడు! ఎక్కడికెళ్ళాడు?" అని ఫోనులో వాషింగ్టన్ గావుకేకలు పెట్టాడు.

ఇరవయ్యారేళ్ళ అలవాటు. ఎక్కడికెళ్ళాడని ఎవరైనా అడిగితే ఆ నోటికి వచ్చే జవాబు ఒక్కటే.

"సార్ ఇప్పుడే బయటికెళ్ళారండీ," అంది నీబియా కిటికీవైపే చూస్తూ. అర సెకను ఆగింది. "వచ్చేస్తారు."

ఫోను పెట్టేసింది. కట్ చెప్పడం మర్చిపోయి ఫియొరెల్లా నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలిసినట్టు లేదు. సౌండ్ రికార్డిస్టు బొటనవేలు పైకెత్తి చూపించాడు. ప్రతి ముక్కా పడిందని అర్థం.

అందరూ కిందికి పరిగెత్తేసరికి వాషింగ్టన్ వాళ్ళకంటే ముందే వీధిలో ఉన్నాడు. కాగితాల బురదలో ఒక ముసలాయన, ఆకాశంలోంచి వచ్చిపడ్డ కోటుని తొడుక్కుని కొలత సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు.

"డాన్ ఓవీదియో! మీరు క్షేమం!" అని వాషింగ్టన్ ఆయన్ని కౌగలించుకున్నాడు. "చర్మవ్యాధి కూడా తగ్గిపోయిందే!"

"నేను ఓవీదియోని కాదు బాబూ. ఎనిమిదేళ్ళుగా క్లెయిము కోసం తిరుగుతున్నాను. మీరు ఆ కంపెనీ మనిషేనా?" అన్నాడు పెద్దాయన వదలకుండా పట్టుకుని.

వాషింగ్టన్‌కి ఆ పట్టులోంచి బయటపడడానికి పావుగంట పట్టింది.

మెట్లమీద సిబ్బంది అధికారి బర్రాందెగీగారు రొప్పుతూ ప్రత్యక్షమయ్యాడు. "మా కొత్త డిప్యూటీ మేనేజరు కిటికీలోంచి దూకేశాడట! పొద్దున్నే సీటు కదలకుండా, కుర్చీతో సహా, అటెండర్ల చేత జాగ్రత్తగా పైకి చేర్పించానే! పని నచ్చలేదా?"

"సార్, అది కోటు. మా సినిమా కోటు," అంది ఫియొరెల్లా.

బర్రాందెగీగారు చాలాసేపు ఆలోచించాడు. "కావచ్చు. కానీ నియామకం రద్దు చెయ్యాలంటే ఆయన రాతపూర్వకంగా ఒప్పుకోవాలి."

"లోపల మనిషి లేడండీ!"

"ఐదో అంతస్తులో అదొక అభ్యంతరం కాదమ్మా," అన్నాడాయన ఓపిగ్గా.

చివరికి నీబియా వాషింగ్టన్‌ని ఒక మెట్టుమీద కూర్చోబెట్టి, అతను చెవులు మూసుకోకుండా కుడిచేయి పట్టుకుని, వివరాలు చెప్పింది. ఎడమచేయి ఎలాగూ ఫ్లాస్కుతో ఖాళీ లేదు.

"కోటా?" అన్నాడతను. మాతే బుర్రలోంచి గురగురమని చివరి గుక్క పీల్చాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమే. మనిషి లోపల ఏదో డొల్లగా ఉందనిపించింది."

"కేసు గెలిచావులే నాయనా," అంది నీబియా. ఆ క్షణంలో అతనంటే ఆవిడకి నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది. వీడు మూర్ఖుడు కాకపోయుంటే ఆ డైలాగు ఈ లోకంలో ఉండేది కాదు.

సినిమా ఆ దృశ్యంతోనే ముగిసింది. తను రాసుకున్న ముగింపుకంటే ఇదే బావుందని ఫియొరెల్లా ఫోన్ చేసి చెప్పింది. మొదటి ఆటకి సాల్టో నుంచి చెల్లెలు మరో పదకొండుమందిని వెంటేసుకుని వచ్చి, ఆ అర సెకను దగ్గర హాలంతా ఊపిరి బిగబడితే, "మా అక్కే!" అని అరిచి అందరిచేతా తిట్లు తింది.

మార్చి నెల వచ్చింది. ఆ వేళ పెనుగులాట కోసం విప్పిన కోటుని వాషింగ్టన్ మళ్ళీ తొడుక్కోలేదు. కోటు లేకుండా ఇంత పెద్ద కేసు ఛేదించాక, రెండో పాఠం తప్పని తేల్చేశాడు. కోటు కుర్చీకి వేలాడుతూనే ఉంది. అతను మాత్రం పదో పాఠం కోసం ఊళ్ళో పోస్టాఫీసులన్నీ చుట్టబెడుతున్నాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం అతను తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గర అతని బల్ల ఒక్కటే ఉంది. కుర్చీ లేదు, కోటూ లేదు. నోటీసు బోర్డు మీద కొత్త సర్క్యులర్ ఉంది. ‘రెండున్నర నెలలుగా సీటు విడువని’ ఉద్యోగికి డిప్యూటీ మేనేజర్‌గా ప్రమోషన్ ఇచ్చి, 507కి మార్చినట్టు అందులో రాసి ఉంది. అటెండర్లు వచ్చి కుర్చీని కోటుతో సహా లిఫ్టులో తీసుకెళ్ళి గంటైంది. ఆ శుభవార్త తనే ముందు చెప్పాలని నీబియా ఆ గంటసేపూ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. బుగ్గలు నొప్పెట్టేంత నవ్వు మొహం మీదే ఉంచుకుంది.

"నీబియా!" అని వాషింగ్టన్ కెవ్వుమన్నాడు. "దోపిడీ! నా కుర్చీ! నా కోటు! పురుగుల ముఠా పగ తీర్చుకుంది!"

"వాషింగ్టన్, పద్నాలుగేళ్ళ తర్వాత నీకు..."

"ఆగు! వివరాలు చెప్పకు!" అని అతను అప్పటికే మోకాళ్ళమీద కూలబడి, భూతద్దం కంటికి పెట్టుకుని, నేలమీది నల్లటి చారల వెంట పాకడం మొదలెట్టాడు.

నీబియా బల్లమీద ఫోను మోగింది. ఐదో అంతస్తు నుంచి బర్రాందెగీగారు. కొత్త డిప్యూటీ మేనేజరు బిదెగాయిన్‌గారితో ఒక్కసారి మాట్లాడాలట.

నీబియా నడవాలోకి చూసింది. చంకలో ఫ్లాస్కుతో, చొక్కా చేతులు మడిచి, డిప్యూటీ మేనేజరుగారు లిఫ్టు తలుపు దాకా పాకి, ‘పనిచేయదు’ అన్న బోర్డు చదివి, తల అడ్డంగా ఊపి, మెట్లవైపు మళ్ళాడు.

"సార్ ఇప్పుడే బయటికెళ్ళారండీ," అంది నీబియా. అర సెకను ఆగి, నవ్వు ఆపుకుని, "వచ్చేస్తారు," అంది.